పాత ట్రాక్టర్‌ను నడిపించుకోవాలంటే: ఏ బండి, ఏ పార్టు, ఎవరి చేయి?

హైదరాబాద్‌లో ఉద్యోగం, చేవెళ్ల దగ్గరో షాద్‌నగర్ దగ్గరో ఐదారెకరాలు, షెడ్డులో నాన్న కొన్న ట్రాక్టర్. ఇలాంటివాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. బండి ఒక ఆదివారం స్టార్ట్ అవుతుంది, ఇంకో ఆదివారం మొండికేస్తుంది. అమ్మడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. కొత్తది కొందామంటే ఉన్న పొలానికి ఆ ఖర్చు గిట్టదు. అప్పుడు నన్ను అడిగేది ఒకటే: "ఏ కంపెనీ బండైతే ఉంచుకోవచ్చు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఆ బండి గురించి తెలిసినవాళ్లు నీకు ఎంత దూరంలో ఉన్నారు?"

పాత ట్రాక్టర్ విషయంలో కంపెనీ పేరు కన్నా, హార్స్‌పవర్ కన్నా ముందు చూడాల్సింది ఇదే. అదే మోడల్ నడిపే ఇద్దరు ముగ్గురు పక్క ఊళ్లలో ఉంటే సాదాసీదా బండి కూడా ఇంకో పదేళ్లు పనిచేస్తుంది. ఎవరూ లేకపోతే ఎంత గట్టి ఇంజనైనా ఒక చిన్న సీల్ కోసం నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. కింద చెప్పేవన్నీ ఈ లెక్కతోనే చదవండి.

ఏ బండి ఉంచుకోవచ్చు

మాస్సీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా 275 ఈ రెండూ మన చుట్టుపక్కల ఉన్నవాళ్లకు నిశ్చింతగా చెప్పగలిగిన బండ్లు. మాస్సీ చెన్నైలోని టాఫే కంపెనీది, ఇంజన్ సింప్సన్‌ది. దాని మూలం బ్రిటన్‌లో పుట్టిన ఎంఎఫ్ 35. మహీంద్రా బి-275 ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్ నుంచి వచ్చింది. రెండూ దశాబ్దాల పాటు మన పొలాల్లో తిరిగినవే కాబట్టి మండల కేంద్రంలో ఏ మెకానిక్‌ను అడిగినా వాటి ఇంజన్ ఎప్పుడో ఒకసారి విప్పే ఉంటాడు. మహీంద్రాకు జహీరాబాద్‌లో ట్రాక్టర్ ఫ్యాక్టరీయే ఉంది. పాత మోడల్ పార్టులన్నీ అక్కడ దొరుకుతాయని కాదు, ఈ ప్రాంతంలో డీలర్లు, మెకానిక్‌లు దండిగా ఉన్నారని.

ఈ రెండింట్లో దేన్ని ఎంచుకోవాలని అడిగితే, రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పరికరం) పని ఉందా లేదా అని చూస్తాను. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కగానే పీటీఓ (వెనుక తగిలించిన పరికరాన్ని తిప్పే షాఫ్టు) కూడా ఆగిపోతుంది. గేరు మార్చిన ప్రతిసారీ రోటవేటర్ ఆగి, మళ్లీ మట్టిలో బరువుతో తిరగడం మొదలవ్వాలి. అది బండికీ కష్టం, మనిషికీ విసుగు. డ్యూయల్ క్లచ్ ఉంటే పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. మాస్సీల్లో డ్యూయల్ క్లచ్ బండ్లు చాలా కనిపిస్తాయి, అయినా కొనేముందు ఆ బండిలో ఉందో లేదో స్వయంగా తొక్కి చూడండి. కల్టివేటర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ వరకే అయితే సింగిల్ క్లచ్ చాలు, పైగా దాని రిపేరూ తేలిక.

స్వరాజ్ 735ని కూడా ఇదే వరుసలో పెట్టొచ్చు. స్వరాజ్‌ది పూర్తిగా మన దేశపు డిజైన్. 1974లో పంజాబ్ ట్రాక్టర్స్ మొదలుపెట్టింది, ఇప్పుడు మహీంద్రా చేతిలో ఉంది. పార్టులకు ఇబ్బంది లేదు. ఐషర్ చిన్న బండ్లు తక్కువ డీజిల్‌తో నడుస్తాయి. కూరగాయల మడులకు, మామిడి తోటల్లో దున్నడానికి అవి బాగుంటాయి. పెద్ద రోటవేటర్ పెట్టి వాటిని హింసించకూడదు.

హెచ్ఎంటీ దగ్గరికొచ్చేసరికి మాట మారుతుంది. 1971లో పింజోర్‌లో చెకోస్లోవేకియా జెటార్ సహకారంతో మొదలైన 2511, ఆ తర్వాత వచ్చిన 3511, 5911 చాలా గట్టి బండ్లు. వాటిని ఇష్టపడేవాళ్లు ప్రాణం పెట్టి చూసుకుంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని 2016లో మూసేశారు. కంపెనీ సర్వీస్ అనే దారి ఇక లేదు. పార్టులు పంజాబ్, ఢిల్లీ వైపు నుంచి తెప్పించుకోవాలి, లేదా మూలన పడ్డ ఇంకో బండి నుంచి తీసుకోవాలి. మీకు హెచ్ఎంటీ ఓనర్లతో పరిచయం ఉంటే ధైర్యంగా ఉంచుకోండి. లేకపోతే బండి కొనకముందే ఆ పరిచయం సంపాదించండి. ఫోర్డ్ 3600 సంగతీ దాదాపు అంతే: బలమైన బండి, లాగుడు బాగుంటుంది, ఎరిగిన మెకానిక్ దొరకడమే కష్టం.

ఇక్కడే పానాల సంగతి కూడా చెప్పాలి. పాత మాస్సీ, ఫోర్డ్ బండ్లలో బోల్టులు అంగుళాల కొలతవి, జెటార్ వంశపు బండ్లలో మిల్లీమీటర్లవి. తొమ్మిది బై పదహారు బోల్టుకు 14 నంబరు పానా సరిపోయినట్టే అనిపిస్తుంది గానీ అసలు ఎక్కదు, ఎందుకంటే ఆ బోల్టు 14.3 మి.మీ. దగ్గర ఉంటుంది. అప్పుడు 15 వేసి తిప్పుతారు, మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ముప్పావు అంగుళానికి మాత్రం 19 పానా చక్కగా సరిపోతుంది. మాస్సీ ఉంచుకుంటే అంగుళాల పానాల సెట్టు ఒకటి మొదటి నెలలోనే కొనుక్కోవాలి.

ఎవరి చేతికి ఇవ్వాలి

నాలుగు దారులున్నాయి: కంపెనీ సర్వీస్ సెంటర్, ఊరి మెకానిక్, సిటీలో ఒక్కో పనికి ఒక్కో ప్రత్యేక షాపు, అదే మోడల్ నడిపే తోటి ఓనర్లు. చాలామంది వీటిలో ఒకదాన్ని ఎంచుకుని అన్నీ దానికే అప్పజెబుతారు. పాత బండికి అది పనికిరాదు. రోగం ఏంటో తెలుసుకోవడం ఒకరి పని, చేయించడం ఇంకొకరి పని.

రోగం తెలుసుకోవడానికి తోటి ఓనర్లను మించినవాళ్లు లేరని నా గట్టి అభిప్రాయం. ఒక ఉదాహరణ చూడండి. బండి పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది, పది నిమిషాలు దున్నాక ఊపిరాడనట్టు తగ్గి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. సర్వీస్ సెంటర్‌లో డీజిల్ ఫిల్టర్లు రెండూ మారుస్తారు. తగ్గకపోతే ఇంజన్‌కు డీజిల్‌ను కొలిచి పంపే పంపుకు కాలిబ్రేషన్ (సరిచూసి దిద్దడం) అంటారు. ఊరి మెకానిక్ ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పుతాడు. అదే మోడల్‌ను ఇరవై ఏళ్లు నడిపిన పెద్దమనిషికి ఫోన్ చేస్తే రెండే మాటలు చెబుతాడు: "తమ్మీ, ముందుగాల ట్యాంకు మూత వదులు జేసి నడిపి చూడు. గప్పుడు ఆగకపోతే మూతకున్న గాలి రంధ్రం మూసుకపోయినట్టు."

మూత వదులు చేసినా ఆగిపోతే ఫిల్టర్ మీద ఎయిర్ తీసే బోల్టును అరచుట్టు వదులు చేసి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే చిన్న పంపు) చేతి లీవర్‌ను కొడుతూ పోవాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత నికార్సైన డీజిల్ రావాలి. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగకపోతే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి లోపలికి పీలుస్తోందని అర్థం. డీజిల్ బయటికి కారదు కాబట్టి ఆ చోటు కంటికి కనిపించదు. ఎక్కువసార్లు దొంగ ఎవరంటే, పైపు బోల్టు కింద ఉండే చిన్న రాగి వాషర్. పాతది గట్టిపడి ఉంటుంది, ఎంత బిగించినా కూర్చోదు. కొత్తది వేస్తే సరి. పొలం దగ్గర కొత్తది లేకపోతే పాతదాన్నే పటకారతో పట్టుకుని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది, ఆ సీజన్ గడిచిపోతుంది. కొద్ది రూపాయల వాషర్‌తో పోయే జబ్బుకు పంపు విప్పించినవాళ్లు ఎంతమందో.

అయితే తోటివాళ్లు చెప్పిన ప్రతి మాటా వినాల్సిన పనిలేదు. సలహా ఇచ్చేవాళ్లను ముందు మూడు విషయాలు అడగండి. మీది ఇదే మోడలా? మీకూ ఇదే పంపు ఉందా? ఇది మీ బండిలో మీరే చేసి చూశారా, లేక విన్నదా? మూడోది అడగ్గానే చాలా సలహాలు రాలిపోతాయి. పంపు సంగతి అడగడానికి కారణం ఉంది. కొన్ని బండ్లకు రోటరీ పంపు, కొన్నిటికి ఇన్‌లైన్ పంపు ఉంటుంది, ఒకే మోడల్‌లోనూ తయారైన ఏడాదిని బట్టి మారొచ్చు. గుండ్రంగా ఉండి పైపులు చుట్టూ తిరిగి బయలుదేరితే రోటరీ, పొడుగ్గా ఉండి పైపులు వరసగా నిలబడితే ఇన్‌లైన్. రోటరీ పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన, అందుకే డీజిల్‌లో నీళ్లు కలిస్తే అది త్వరగా పాడవుతుంది. ఇన్‌లైన్ పంపుకు కింది గదిలో ఇంజన్ ఆయిల్ ఉంటుంది, కొంచెం ఓర్చుకుంటుంది. ఒకదానికి చెప్పిన చిట్కా రెండోదానికి పనిచేయదు.

మీరు అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "అన్నా, బండి స్టార్ట్ అయితలేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. మోడల్, ఏడాది, పంపు రకం, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, పొగ ఏ రంగులో ఉంది, ఈమధ్య ఏం విప్పారు, ఇవన్నీ చెప్పండి. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ను పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పొగ గొట్టం కనిపించేలా వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ లేదా గాలి తక్కువ. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ చల్లటి పొద్దున కాసేపు ఉండి పోతే భయం లేదు. వేడెక్కాక కూడా పోకపోతే నాజిళ్లో, టైమింగో, లోపలికి నీళ్లు చేరడమో చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఎంత అనుభవజ్ఞుడు చెప్పినా వినొద్దు. పంపు మీద సీసం సీలు వేసిన స్క్రూను తిప్పితే పికప్ పెరుగుతుందంటారు. నిజమే, పెరుగుతుంది. డీజిల్ ఎక్కువ పోయి నల్ల పొగ వస్తుంది, పిస్టన్లు మితిమీరి వేడెక్కుతాయి. ఆ సీలు కాలిబ్రేషన్ షాపులో టెస్ట్ బెంచ్ మీద తప్ప ఎక్కడా తెగకూడదు.

ప్రత్యేక షాపులు కావాల్సింది ఇక్కడే. పంపు, నాజిళ్లు, క్రాంక్ గ్రైండింగ్, బ్లాక్ బోరింగ్, రేడియేటర్ టంకం, ఈ పనులు యంత్రాలున్న చోటే చేయించాలి. వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో లారీల పని చేసేవాళ్లు ఎక్కువ, కానీ ఈ పనులకు లారీ అయినా ట్రాక్టర్ అయినా ఒకటే. లేత్ పని, పాత పార్టు చూపించి కొత్తది తిప్పించుకోవడం లాంటివి బాలానగర్ వైపు బాగా జరుగుతాయి. మెకానిక్‌తో పంపకుండా పార్టు మీరే పట్టుకెళ్లండి. తీసుకునేటప్పుడు కొలతలు కాగితం మీద రాయించుకోండి. క్రాంక్ పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) గ్రైండ్ చేశారా, ఇరవయ్యా అన్నది తర్వాత బేరింగులు కొనేటప్పుడు కావాలి.

ఊరి మెకానిక్‌ను తక్కువ చేయకండి. సీజన్ మధ్యలో, రాత్రి పూట, బురదలో బండి ఆగితే వచ్చేది ఆయనే. చిన్న పనులు ఆయనకే ఇచ్చి ఆ బంధం నిలుపుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్ వల్ల నిజంగా ఉపయోగం రెండింటికి: మీ ఇంజన్ నంబరుకు సరైన పార్టు నంబరు తెలుసుకోవడానికి, మాన్యువల్ సంపాదించడానికి.

నలుగురు లేనిదే కాని పని

క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టర్‌ను నడుమ రెండుగా విడదీయాలి. ముందు సగంలో ఇంజన్, వెనుక సగంలో గేర్‌బాక్స్. ఈ ఒక్క పనికి మనుషులు కావాలి, అదీ తెలిసినవాళ్లు. ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగేలా ఉంటుంది, ఎత్తుపల్లాల పొలంలో చక్రాలు నేలను వదలకుండా ఉండటానికి. బండి ఒక్కటిగా ఉన్నంతసేపు వెనుక చక్రాలు దాన్ని నిలబెడతాయి. విడదీసిన క్షణం ఇంజన్ ఉన్న సగానికి ఆ ఆసరా పోతుంది, పక్కకు ఒరిగి మీద పడుతుంది. అందుకే బోల్టులు ముట్టుకోకముందే యాక్సిల్‌కూ దాని పైనున్న బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా గట్టి చెక్క చీలలు దిగ్గొట్టాలి. ఇంజన్ కింద జాకీ, గేర్‌బాక్స్ కింద దుంగలు, పైన చైన్ పుల్లీ. తర్వాత ఒకరు మెల్లగా వెనక్కి తోస్తుంటే ఇద్దరు రెండు పక్కలా సందు సమానంగా తెరుచుకుంటోందా అని చూడాలి. మళ్లీ కలిపేటప్పుడు ఫ్లైవీల్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ పోతే షాఫ్టు దారి దొరుకుతుంది. బోల్టులు బిగించి లాగి కలిపితే కొత్త ప్లేటు నడుము వంగుతుంది.

ఇది డబ్బిచ్చి చేయించుకోవడమా, తోటివాళ్లతో కలిసి చేసుకోవడమా? ఇంతకుముందు ఇదే మోడల్‌ను విడదీసిన మనిషి ఒక్కరైనా పక్కనుంటే కలిసి చేసుకోండి. పుల్లర్, టార్క్ రెంచ్, చైన్ పుల్లీ అందరూ కొనక్కర్లేదు, ముగ్గురి మధ్య ఒక సెట్టు చాలు. అలాంటి మనిషి లేకపోతే షాపుకే ఇవ్వండి. ధైర్యం ఒక్కటీ సరిపోయే పని కాదిది.

చేయి తిరిగినవాళ్లు కూడా చేసే ఒక ప్రమాదకరమైన పని చెప్పాలి. తాళం పనిచేయనప్పుడు కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్‌ను తాకించి స్టార్ట్ చేస్తారు. బండి గేరులో ఉంటే స్టార్ట్ అవడమే ముందుకు కదులుతుంది, నిలబడ్డ మనిషి వెనుక చక్రం దారిలోనే ఉంటాడు. ఎవరు చేస్తున్నా ఆపండి. స్విచ్ మార్చుకోవడం చాలా చౌక.

కంపెనీ పార్టా, బయటి పార్టా, పాతదా

పార్టు పోతే ఏమవుతుందన్న దాన్ని బట్టి నిర్ణయించుకోండి. పిస్టన్, రింగులు, లైనర్లు, బేరింగ్ షెల్స్, నాజిల్ ఎలిమెంట్లు పోతే ఇంజనే పోతుంది. వీటికి కంపెనీ పార్టు, లేదా కంపెనీకి సరఫరా చేసే పేరున్న తయారీదారు పార్టు తప్ప ఇంకోటి వద్దు. బ్రేక్ లైనింగ్, స్టీరింగ్ జాయింట్లు, క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్లు పాతవి ఎప్పుడూ కొనకూడదు.

బేరింగుల విషయంలో మాత్రం ట్రాక్టర్ డబ్బా వెతకడం అనవసరం. బేరింగ్ అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6206 అంటే ఏ మంచి కంపెనీదైనా లోపలి కొలత 30, బయటిది 62, మందం 16 మి.మీ. పాతది తుడిచి రాణిగంజ్‌కు పట్టుకెళ్తే అదే నంబరు దొరుకుతుంది. ఆయిల్ సీల్‌కూ అంతే, లోపల, బయట, మందం. కాకపోతే పాత మాస్సీ, ఫోర్డ్‌లలో కొన్ని అంగుళాల కొలతవి ఉంటాయి, "దగ్గర దగ్గరగా" ఉన్నది తీసుకుంటే దమ్ము చేసే మొదటి రోజే బురద లోపలికి పోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనదగ్గవి పోత ఇనుము, ఉక్కు రేకు భాగాలు: హౌసింగులు, హైడ్రాలిక్ పై కవరు, రిమ్ములు, బానెట్. పగుళ్లు లేవని చూసుకుంటే ఇవి కొత్తవాటికి తీసిపోవు. గేర్లు కొంటే జత జతగానే కొనండి, ఒకటి పాతది ఒకటి కొత్తది కలిపితే మోత ఆగదు.

ధరల లెక్క కూడా ఈమధ్య మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, ట్యూబులతో పాటు చాలా విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత టైర్లతో ఇంకో ఏడాది నెట్టుకొద్దామనుకున్నవాళ్లు ఇప్పుడు మార్చుకోవడం మేలు. బిల్లు లేకుండా ఇస్తానంటే మిగిలేది కూడా ఇప్పుడు తక్కువే.

హాఫ్ ఇంజనా, ఫుల్ ఇంజనా

నీలం పొగ, డిప్‌స్టిక్‌లో రోజూ తగ్గే ఆయిల్, బ్రీదర్ పైపు నుంచి బలంగా కొట్టే ఆవిరి, కానీ వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెషర్ బాగుంది. ఇలాగైతే రింగులు, లైనర్ల వరకు చేసే హాఫ్ ఇంజన్ పని చాలు. వేడెక్కాక ప్రెషర్ ముల్లు పడిపోతోంది, కింది నుంచి దబదబ శబ్దం వస్తోందంటే క్రాంక్ వరకు పోవాలి, అదే ఫుల్ ఇంజన్ పని. అలాంటి ఇంజన్‌కు పైన కొత్త రింగులు వేసి వదిలేస్తే ఆ డబ్బు వృథా. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు చేరాయని అర్థం. తడి లైనర్ల (చుట్టూ నేరుగా నీళ్లు తిరిగే లైనర్ల) ఇంజన్‌లో లైనర్ కింది రబ్బరు రింగులను, ఏ ఇంజన్‌లోనైనా హెడ్ గ్యాస్కెట్‌ను ముందు అనుమానించాలి.

ఏది చేయించినా దానికి ముందు ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. ఆయిల్ బాత్ గిన్నెలో అడుగున మట్టి గట్టిగా పేరుకుని ఉంటే ఇంజన్ అరగడానికి కారణం అదే. ఆ గిన్నె, గొట్టం రబ్బరు సరిచేయకుండా కొత్త లైనర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి. దుమ్ములో పనిచేసే రోజుల్లో ఆ గిన్నెను రోజూ చూడాలి, ఆయిల్ గీత దాకే పోయాలి.

కాగితాల మాట కొంచెం. వ్యవసాయ ట్రాక్టర్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ బండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. పని చేయించాక రెన్యువల్‌కు వెళ్లండి, లైట్లు, బ్రేకులు, హారన్ అప్పటికే సిద్ధంగా ఉంటాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ట్రాలీతో రోడ్డెక్కొద్దు.

ఇక పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది. యాసంగి కోతలు అయిపోయాక, రోహిణి కార్తె రాకముందు ఇంజన్ విప్పండి. మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాయంటే ఊరి మెకానిక్ దొరకడు, సాయానికొచ్చే తోటి ఓనర్లు తమ పొలాల్లోనే ఉంటారు. ఏప్రిల్‌లో విప్పితే బయటి నుంచి రావాల్సిన పార్టుకు నెల ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. ఇంజన్ బిగించాక మొదటి రోజుల్లో రోటవేటర్ తగిలించకుండా ఖాళీ ట్రాలీతో, తేలిక కల్టివేటర్‌తో తిప్పడానికీ, మొదటి ఆయిల్ త్వరగా మార్చి హెడ్ బోల్టులు, వాల్వ్ సందులు మళ్లీ చూసుకోవడానికీ వానల ముందు తీరిక దొరుకుతుంది.